ఎడమ

ఏడేళ్లుగా మా కొట్టంలో
ఆవులుండాల్సిన చోట విమానం.

పీలావెసి సరస్సు గడ్డకట్టేలోగా ఎగరాలని
వెయ్యో తీగలు బిగించాడు,
చేపలు తూచే కాటాతో లాగి చూశాడు,
బిగించిన ప్రతిచోటా సన్నతీగ మెలిపెట్టాడు.

"కర్ర ఎడమకి వంచుతున్నా, సిర్కా.
ఎడమ రెక్క వెనకంచు లేచిందా?"

రెక్క దిగాలంటే అంచు లేవాలట.
అది బుర్రకెక్కడానికే నాకు రెండు చలికాలాలు పట్టింది.

"దిగింది" అన్నాను.
"సరిగ్గా చూడు."
"దిగింది, వెయ్యో."

కప్పీల దగ్గర తీగలు రెండూ తారుమారు.
రాత్రంతా విప్పుతూనే ఉన్నాడు, పలకలేదు.

తెల్లారి కాఫీ ఇస్తుంటే
నా చెయ్యి కాసేపు పట్టుకున్నాడు,
బరువు చూస్తున్నట్టు.

మళ్లీ రెక్క పక్కన నిలబడ్డాను.
"ఎడమ."

లేచింది.
ఆ మాట చెప్పడానికి
కొంచెం ఆలస్యం చేశాను.