నిద్రపోయే బ్యాంకు

సెకొండి రేవులో దిగేసరికి
నా సంచిలో పన్నెండు ప్రశ్నలున్నాయి,
అక్రా ఆఫీసులో అచ్చువేసి ఇచ్చినవి.
మొదటిది: మా యాప్‌లో మీకు నచ్చినదేమిటి?
ఆబా మాన్సా పొగపొయ్యి మీద నిన్నటి కవళ్ళు తిరగేస్తూ
"దాని రంగు" అంది.
తక్కిన పదకొండూ పొగలో కలిశాయి.

మంగళవారం. పడవలన్నీ ఒడ్డునే.
ఆ రోజు సముద్రం జోలికి ఎవరూ పోరట,
దానికీ ఒకరోజు పడక కావాలట.
బైడూకి మాత్రం మంగళవారం లేదు.
అరిగిన చెప్పులు, చంకలో తోలుసంచి,
చెవి మీద నీలం పెన్ను.
పొయ్యి పొయ్యికీ ఆగి, రోజుకి ఇరవై సెడీలు పుచ్చుకుని
అట్టకార్డు మీద ఒక టిక్కు పెడతాడు.
మొత్తం ముప్పై ఒక్క గళ్ళు.
నెలాఖరున ముప్పై గళ్ళ డబ్బు ఆమెది,
మిగిలిన ఒక్క గడీ
అతని కాళ్ళది.

నేను లెక్క వేశాను, నా వేళ్ళకి అదే జబ్బు.
దాచినదానికి వడ్డీ ఇవ్వకపోగా
ఎదురు తీసుకుంటున్నాడు!
మా దగ్గర రుసుము లేదు. పైగా వడ్డీ.
ఎప్పుడు అడిగితే అప్పుడు, మూడు సెకన్లలో పైకం.
ఆ మూడు సెకన్ల కోసం నలభై మందిమి
రెండేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నాం.

"అదే కదమ్మా నా కొంప ముంచింది" అంది ఆబా.
"పోయిన నెల మీ దాంట్లోనే వేశాను.
పదకొండో తారీకు అర్ధరాత్రి మరిది ఫోను,
పడవ మోటారు చెడిందని. పంపాను.
పధ్నాలుగున చర్చివాళ్ళు, ఎవరిదో శవపేటికకి చందా.
మర్నాడు నాకే బుద్ధి పుట్టింది,
గుడ్డ కొన్నాను. ఇదే, చూడు."
పసుపు మీద నల్ల పిట్టలు. బాగుంది.
"ఇరవై దాటేసరికి కట్టెలవాడికి ఇవ్వడానికి లేదు.
బైడూ రాత్రయితే పడుకుంటాడు.
మీ ఫోను పడుకోదు.

'డబ్బు బైడూ దగ్గరుంది, ఆయన నిద్రలో ఉన్నాడు'
అంటే చుట్టం మొహం చిన్నబోదు,
నా మాటా పోదు.
నడుము గుడ్డ కొసన కట్టుకున్న ముడైతే
విప్పేది నా వేళ్ళే కదా."

తిరుగు బస్సులో
నా చేతులతో తీసేసిన అడ్డాలన్నీ గుర్తొచ్చాయి:
సంతకం, వరస, గాజు వెనక విసుగు మొహం,
తాళంచెవి మేనేజరు జేబులో ఇంటికెళ్ళిపోయిన శనివారాలు.
వాటిలో గోడలెన్ని,
గట్లెన్ని?
నీళ్ళు పారాలన్న ఆత్రంలో
మడి గట్టే తెగ్గొట్టామేమో.

"వాళ్ళకి ఆలస్యం కావాలట" అన్నాను మీటింగులో.
నవ్వారు.
అంకెలు చూశాక నవ్వు ఆపారు.
వానలు వెనకపట్టేలోపు బొత్తాం ఒకటి పెట్టాం.
రాత్రి తొమ్మిది దాటి నొక్కితే
తెర మీద ఓ ముసలాయన బొమ్మ,
చెవి మీద నీలం పెన్ను:
"పడుకున్నారు. తెల్లారాక రండి."

మూడు నెలల్లో లక్ష మంది.
నాకు జీతం పెరిగింది, కుర్చీ మారింది.

మొన్న ఫోనులో ఆబా పడీ పడీ నవ్వింది.
మరిది మూడుసార్లు అడిగాడట,
మూడుసార్లూ ముసలాయన లేవలేదట.
"బైడూ ఎలా ఉన్నాడు?" అన్నాను.
కాసేపు పొయ్యి చిటపటలే వినిపించాయి.

తొంభై కార్డుల్లో పదిహేడు మిగిలాయట.
అతని కునుకుని తెచ్చుకున్నాం గానీ
దానికో గడి కట్టాలని
మా నలభై మందిలో ఎవరికీ తోచలేదు.

"రాత్రుళ్ళు రేవులో తిరుగుతున్నాడమ్మా" అంది.
"నిద్ర పట్టడం లేదట."