ప్రకృతి స్థితి, పదహారు మార్కులు

మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజు
నా దగ్గరున్నవి రెండు జతల బట్టలు,
యూరియా సంచిలో చుట్టిన పాలిటిక్సు పుస్తకం.
సెప్టెంబరులో మళ్ళీ రాయాలి.
నోరు తిరగని పేరున్న తెల్లాయనొకడు
రాజూ, రెవెన్యూ ఇనస్పెక్టరూ పుట్టకముందు
మనిషి ఎలా ఉండేవాడని అడిగి
మార్చిలో నన్ను నాలుగు మార్కుల దగ్గర ఆపేశాడు.

ఏటిగట్టు మీద మూడొందల గడప.
ఇటు చూస్తే గోదారి.
అటు చూస్తే మా ఊరు, నీళ్ళకంటే పల్లంలో,
కొబ్బరి తలలు ఊపుకుంటూ
తనకేమీ తెలీనట్టు.

నల్లా సూర్రావుగారు రాగానే
నాలుగు గెడలు పాతించి, పడవ మోకు తెప్పించి
తన టార్పాలిను చుట్టూ కట్టించారు.
"ఇందాకా మాదండీ" అన్నారు, మర్యాదగానే.
ఎవరూ మాట్లాడలేదు.
మేమూ మా చాప చుట్టూ చెంబులు పేర్చుకున్నాం.
పుస్తకంలో ఆ పేజీకి ఎర్రసిరా గీత ఉంది.
నవ్వొచ్చింది. నవ్వలేదు.

తాసిల్దారు రాలేదు.
ఎమ్మెల్యే జీపు రావులపాలెం దాటలేదన్నారు.
ఉన్న ఒక్క కానిస్టేబులూ రెండో రాత్రి
తన పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు,
లాఠీ గట్టుమీదే వదిలేసి.
దాంతో గెద్దాడ మార్తమ్మ
పొయ్యిలో కట్టెలు ఎగదోసింది.

"పసోళ్ళకి ముందు. ముసిలోళ్ళకి తరవాత.
గొంతు పెద్దదున్నోళ్ళకి ఆఖర్న. ఆయ్."
ఆవిడకి ఓటేసిందెవరు?
గరిటె ఆవిడ చేతిలో ఉంది, అంతే.
అంతే కాదు.
ఆవిడ తినడం మేమెవరం చూడలేదు.

మూడో రాత్రి, గట్టు లోపలి వాలులో బుంగ.
ముందు ఎలకబొరియంత,
చూస్తుండగా బిందె మూతంత.
ఓలేటి పోలయ్య చొక్కా విప్పాడు.
"నడుముకి మోకు కట్టండెహె."
మోకు ఎక్కడుందో అందరికీ తెలుసు.
సూర్రావుగారే విప్పారు,
ముడి నానిపోయి బిగుసుకుంటే పళ్ళతో.
పట్టుకోడానికి నలభై చేతులు,
మామూలు రోజుల్లో ఒకే బావిలో
చేద వెయ్యని చేతులు.
నాలుగుసార్లు మునిగాడు.
గడ్డిమోపులూ, ఇసుక బస్తాలూ,
ఎవరిదో పెళ్ళి పరుపూ కుక్కి బుంగ మూశాడు.

లాంతరు దగ్గరికి జరిగి పుస్తకం తెరిచాను.
ఒడంబడిక అంటే ఇదే కదా,
జవాబు దొరికింది,
సెప్టెంబరు గట్టెక్కినట్టే అనుకున్నాను.

పాయ అవతల దివిటీలు.
అక్కడా ఒక గట్టు, అక్కడా జనం.
మా తాతల నాటి లెక్క ఇది, ఏ పుస్తకంలోనూ లేదు:
ఒక గట్టు తెగితే రెండో గట్టుకి ఊపిరాడుతుంది.
మేం కర్రలతో కాపలా కాశాం, వాళ్ళ కోసం.
వాళ్ళూ కాశారు, మా కోసం.

నాలుగో రాత్రి ముగ్గురు నావెక్కారు.
వలలు కొట్టుకుపోయాయట, చూసొస్తారట.
నావ పోలయ్యది.
వలలకి పార ఎందుకని
ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

తెల్లారేసరికి అవతల దివిటీల్లేవు.
మేం గుర్తుకి పాతిన పుల్ల దగ్గర
నీరు జానెడు దిగింది.
ఆ రాత్రి వాన లేదు, మోకు మాత్రం తడిసి ఉంది.
సూర్రావుగారు దాన్ని తీసి
ఎండకి ఆరేశారు.
మార్తమ్మ ఒక్కర్తే అటు తిరిగి నిలబడింది.
"అక్కడా పసోళ్ళుంటారు" అంది.
గరిటె కింద పెట్టింది.
ఆ పూట ఎవరిది వాళ్ళే వడ్డించుకున్నాం,
గొంతు పెద్దదున్నోళ్ళు ముందు.

పదకొండో రోజుకి ఊళ్ళోకి దిగాం.
మోకు సూర్రావుగారి పడవకి పోయింది,
మార్తమ్మ బిందె
బావికి ఆవల, దాని పాత చోటికి.

సెప్టెంబరులో అదే ప్రశ్న వచ్చింది.
మనిషి సహజంగా దయగలవాడని రాశాను.
మోకు గురించీ, నలభై చేతుల గురించీ
ఆ తెల్లాయన చెప్పనివి కూడా చేర్చి
చివరి పేజీ అడుగుదాకా నింపాను.
"ఇంకో కాగితం ఇమ్మంటావా?" అన్నాడు
గదిలో కాపలా మేష్టారు.
ఆయన చెప్పులకి ఇంకా ఒండ్రు.
ఆయనది పాయ అవతలి ఊరు.

వద్దండీ అన్నాను.