చేంతాడు

పైవాటా జుబేదా రాత్రి కాగితం పట్టుకుని దిగొచ్చింది.
కాలేజీలో వాదన పోటీ అంట.
"పరాయి దేశంలో సైన్యాన్ని నిలిపితే అది ఆక్రమణేనా, తాతా?
నేను కాదనాలి. చీటీలో అట్లా పడింది.
ఐదు నిమిషాలే. గంట కొడితే ఆపెయ్యాలి."

మాకు గంట కొట్టలేదమ్మా.
రెండేళ్ళ పైచిలుకు.

రాసుకో. కాదనడానికి కావలసినవన్నీ నా దగ్గరున్నాయి.
పిలిచారు, వెళ్ళాం.
పెద్దలు సంతకాలు పెట్టుకున్నాకే వెళ్ళాం.
ఆ దీవిలో దిగిన రోజు మెళ్ళో దండలేశారు,
ఒక పిల్లాడు నా బూట్ల మీద పన్నీరు చల్లాడు.
శాంతి సేన అని మా పేరు.
పన్ను వసూలు చెయ్యలేదు. ఒక్క సెంటు నేల
మా పేర రాయించుకోలేదు.
మొదటి నెల నేను మోసింది తుపాకీ కంటే
బియ్యం బస్తాలే ఎక్కువ.

ఇంకా కావాలంటే మన బ్రాడీపేట, అరండల్‌పేట చూపించు.
ఆక్రమణంటే అదీ. దొరలు పోయి ఇన్నేళ్ళయినా
కవర్ల మీద వాళ్ళ పేర్లే రాసుకుంటున్నాం.
నా పేరుతో అక్కడ ఒక సందు కూడా లేదు.
యెషయా వీధి!
నవ్వొస్తోంది కదా. నవ్వు.

అక్కడితో కూర్చో. చప్పట్లు కొడతారు.

ఇక ఇది రాయమాక.

ఒక ముసలామె పెరట్లో గుడారాలు వేశాం.
తాటాకు దడి, మధ్యలో బావి.
అడిగే వేశాం. సుబేదారు చేతులు జోడించి మరీ అడిగాడు.
ఆమె తలూపింది.
ముప్ఫైమంది తుపాకులతో నిలబడి అడిగితే
తల అడ్డంగా ఊపడం ఎవరికి చేతనవుతుంది?
ఇది ఇప్పుడంటున్న మాట. అప్పుడు తట్టలేదు.

వారం తిరిగాక ఒక తెల్లారుజామున
కాపలా నాదే.
బిందె చంకనెత్తుకుని వచ్చి
చేంతాడుకి మూరెడు ఇవతల ఆగిపోయి
"తణ్ణి ఎడుక్కలామో, తంబీ?" అంది.
నీళ్ళు తోడుకోవచ్చునా, తమ్ముడూ, అని.
ఆమె మామ తవ్వించిన బావి.
ఆమె నూనె పోస్తే తిరిగిన గిలక.

ఆ గొంతు నాకు తెలుసు, జుబేదా.
చేబ్రోలు అవతల మా ఊళ్ళో
ఊరబావి ఒరకి పదడుగుల ఇవతల నిలబడి
"కాసిని పొయ్యండమ్మా" అనేది మా అమ్మ.
అప్పుడు నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.
ఈసారి తాడు పట్టుకుని ఉన్నాను.

"తోడుకో అమ్మా" అన్నాను.
మంచిగానే అన్నాను. తప్పంతా అక్కడే ఉంది.
నన్నడుగుతావేంటి, నీదే కదా అనాల్సింది.
అంత తమిళం రాదు.
వచ్చినా అనేవాణ్ణో కాదో.
సాయంత్రం ఆరు దాటితే బావి దగ్గరికి
ఎవరూ రాకూడదని ఆర్డరు.
ఆ ఆర్డరుకీ కారణముంది. మావాళ్ళిద్దరు
అట్లాంటి దడి చాటునుంచి వచ్చిన గుళ్ళకే పోయారు.
అదీ అబద్ధం కాదు.

వచ్చేసేరోజు తలా రెండు రూపాయలేసుకుని
ఆమెకు కొత్త చేంతాడు కొన్నాం.
లారీ మలుపు తిరుగుతుంటే చూశాను.
కొత్తది ఒర మీదే చుట్టగా ఉంది.
ఆమె పాతదాని కోసం
దడి కింద వెతుక్కుంటోంది.

రేపు మళ్ళీ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర డ్యూటీ.
ఫిరంగిపురం రైతొకాయన వస్తాడు, చీటీ ఇంట్లో మర్చిపోయి.
"నా మిరపకాయలు నేను చూసుకోడానికి నీ పర్మిషనేందయ్యా" అని
గేటు దద్దరిల్లేలా అరుస్తాడు.
వదలను. కానీ ఆ అరుపు వింటే
నాకెందుకో ప్రాణం కుదుటపడుతుంది.

ఆమె ఒక్కసారీ అరవలేదు.

సరే, పొద్దుపోయింది.
చీటీలో కాదని పడింది కదా,
కాదనే చెప్పు. గట్టిగా చెప్పు.
మెట్ల దగ్గర లైటేసుకుని ఎక్కు,
మూడోది విరిగింది.