లోతు అర మిల్లీమీటరు

రియెకా రేవుకి రెండు వీధుల వెనక
నా కొట్టు. బల్ల మీద మూడు ఇత్తడి రేకులు,
మూడు యంత్రాల చేతిరాతలు.

యంత్రాలమ్మే కుర్రాడు గడియారం చూపించాడు:
"లేజర్, నెవెంకా! ముప్పై సెకన్లు.
దేన్నీ తాకదు, ఏదీ అరగదు."
నీడలాంటి అక్షరాలు. అందంగానే ఉన్నాయి, కాదనను.
రెండోది వజ్రపు మొన,
గోటితో గీరినట్టు సన్నగా, మెరుస్తూ.
మూడోది తిరిగే ములుకు. పాత సరుకు,
మూతబడిన ట్రోఫీల దుకాణంలోంచి తెచ్చాడు.
పలకకి పదకొండు నిమిషాలు,
జుట్టు నిండా ఇత్తడి పొట్టు, చెవిలో పళ్ల డాక్టరు.

ఎన్ని కావాలన్నాడు.
ఇరవై నాలుగు.
టగ్గు పడవ ఇంజన్ గదిలో వాల్వుల పేర్లు.
"ఈమాత్రానికి ఇంత ఆలోచనా?"

షట్టర్ దించి దీపం ఆర్పాను.
బొటనవేలు ఆనిస్తే
మొదటి రేకు నున్నగా ఊరుకుంది.
రెండోది ఏదో గొణిగింది.
మూడోది పలికింది: మోరె.
మా భాషలో సముద్రం.

పొగలో దీపాలు పోయిన రాత్రి
సముద్రపు వాల్వు ఏదో
వేళ్లతో చదివి కట్టేశానని
ముసలి డింకో చెప్పింది ఈ బల్ల దగ్గరే.
కాఫీ కప్పు పట్టుకున్న ఆ వేలికి
అప్పటికింకా కట్టు ఉంది.

"ములుకులు ఎన్ని కలిపిస్తావు?" అన్నాను చీకట్లోనే.
జవాబు లేదు.
స్విచ్చి కోసం
గోడంతా తడుముతున్నాడు కుర్రాడు.