బహుదా మొగలో బురద

పైపు దించమంది లోపాముద్ర.
బరంపురం పిల్ల. మా తెలుగు ఆమెకి సగమే వచ్చు,
ఆమె ఒడియా నాకు ముప్పాతిక.
పడవ ఒక పక్కకి ఒరిగింది.
మూరెడు బురద పైకొచ్చింది,
నల్లగా, కుళ్ళిన గుల్లల వాసనతో.

"ఇందులో నిద్రపోతున్నాయి మావా" అంది.
ఏవి? కంటికి ఆనవు.
నాచేనట, గట్టి పెంకు తొడుక్కుని
వెలుతురు లేని చోట పదేళ్ళు, ఇరవై, ఇంకా పైన.
"చచ్చినట్టుంటాయి. చావవు."

నాకు సూరాడ పోలమ్మ గుర్తొచ్చింది.
నీళ్ళు ఇటిక రంగు తిరిగిన ఆ ఏడు
గుల్లల కూర తిని, పెదాలు తిమ్మిరెక్కి
కొడుకు పేరు పలకలేక
మూడు రోజులు వాణ్ణి వేలితో చూపించింది.
గంగమ్మకి కోపమన్నాం. కోడిని కోశాం.
రాత్రి అలలు నీలంగా వెలిగితే
దండం కూడా పెట్టాం.

లోపాముద్ర బురదని ముక్కలు చేస్తోంది
తాటిబెల్లం కోసినట్టు,
ఒక్కో ముక్కకీ ఒక ఏడాది రాస్తోంది.
నేను పుట్టిన ఏడాది ఇంట్లో ఎవరికీ తెలీదు.
బురదకి తెలుసేమో.

రేవు వైపు డ్రెడ్జరు
రాత్రీ పగలూ అడుగు గోకుతోంది.
"ఆ చప్పుడుకి లేస్తాయా?"
చప్పుడుకి కాదంది. పైకి తేలి వెలుతురు తగిలితే,
పొలాల ఎరువు నీళ్ళు కలిస్తే, కాస్త వేడెక్కితే.
"లేవకపోవచ్చు కూడా."
ఆ 'కూడా' నాకు నచ్చలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను.
వేళ్ళ సందుల్లో కొంచెం మిగిలిపోయింది.
మెల్లగా రుద్దాను,
పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు.