తొమ్మిదో పొట్లం

బహిర్ దార్‌లో ఇంకా తెల్లారలేదు.
కరెంటు ఉండగానే పని కానివ్వాలని
యెషిహరెగ్ ముందుగా యంత్రానికి
ఒక తెల్ల బిళ్ళ చూపిస్తుంది.
తెలుపంటే ఏమిటో
రోజూ పొద్దున్నే గుర్తు చెయ్యాలి దానికి.

తర్వాత టెఫ్ పిండి.
చేజారితే మళ్ళీ దొరకనంత చిన్న గింజ,
ఆ పేరుకి అర్థమే "పోయింది" అంటారు
గొజ్జాం ముసలివాళ్ళు.

కంటికందని ఎరుపు పిండి మీద వాలుతుంది.
కొంత లోపలే ఉండిపోతుంది, కొంత వెనక్కొస్తుంది.
వచ్చినదాన్ని బట్టి
రానిది ఎవరి దగ్గర ఆగిందో లెక్క.
నీళ్ళు తమ చోట ఒక గుంట తవ్వుకుంటాయి,
గంజి తన చోట.

నాలుగో పొట్లంలో జిప్సం.
గీత మీద పక్కపక్కనే మూడు పళ్ళు,
విరిగిన దువ్వెన ముక్కలా.
గోడకి పుయ్యాల్సినది కడుపుకి పూస్తున్నారు.
ఆ దుకాణం పేరు రాసేటప్పుడు
ఆమె కలం ఎక్కడా ఆగలేదు.

తొమ్మిదోది బిచెనా సంత నుంచి.
పెన్సిలుతో రాసిన చీటీ:
అమ్మిన మనిషి అల్గానెష్, వయసు తెలియదు.
పళ్ళూ లేవు, గోళ్ళూ లేవు,
గీత కాస్త ఒరిగింది, అంతే.
జొన్న, నూటికి ఇరవై రెండు పాళ్ళు,
అటో ఇటో మూడు.

ఆ పాళ్ళు యెషిహరెగ్ నాలుకకి
యంత్రం కన్నా ముందే తెలుసు.
వానలు మొహం చాటేసిన ఏడు
అమ్మ అటు తిరిగి కూర్చుని
దోసిళ్ళతో జొన్నపిండి కలిపేది.
మూడు రోజులు పులిసినా
పెనం మీద ఇంజెరాకి కళ్ళు విచ్చుకునేవి కావు.
"దానికి కళ్ళు లేకపోతే
మీరు మూసుకుని తినండి" అనేది.
ఇంట్లో ఎవరూ దాన్ని కల్తీ అనలేదు.

అమ్మ కలిపింది, నిజమే.
అమ్మలేదు.

మరి అల్గానెష్?
ఆమే కలిపిందో,
అంతకు ముందు జొన్నలు మింగిన మర
దులుపుకోకుండా ఈమె టెఫ్ మింగిందో,
సంతకి మోసుకొచ్చిన గాడిద యజమాని చెయ్యి పడిందో.
గిన్నె తుడిచి మళ్ళీ నింపింది,
మళ్ళీ మళ్ళీ చూసింది.
ఇరవై రెండు. ఇరవై మూడు. ఇరవై రెండు.
ఎంతో చెబుతుంది గీత,
ఎందుకో చెప్పదు.

ఇరవై రెండు అని రాసింది.
పక్కనున్న "కారణం" గడి
ఖాళీగా వదిలేసింది,
గీత కూడా కొట్టకుండా.

పదో పొట్లం విప్పే ముందు
తెల్ల బిళ్ళ ఇంకోసారి తీసింది.
యంత్రం కింద పెట్టబోయి
కిటికీ వెలుగులో
తనే కాసేపు దాన్ని చూస్తూ నిలబడింది.