శనివారం ఫ్యాను

ఆదోని పత్తి మార్కెట్టు ఎనక
మూతబడిన జిన్నింగు మిల్లు గోడౌన్లో
పందొమ్మిది మంది పిల్లోళ్ళ బడి.
నేను దూదేకుల కాశింబీని, ఆ బడికి వంటమనిషిని.
మా తాత ఈ గోడ బయట్నే దూది ఏకినాడు.
ఇప్పుడు లోపల అక్షరాలు ఏకుతారు.

ఏడిండ్లోళ్ళు. కోస్తా నుంచి మిల్లు పనికొచ్చి
మిల్లు పోయినా పోలేదు.
"ఏమిటోళ్ళు మీరు?" అని ఊరడిగేది.
"యూదులం" అంటే "ఊదులా?" అనేటోళ్ళు,
సాంబ్రాణి అమ్మేటోళ్ళనుకోని.
యెహెజ్కేలు సారు నవ్వి ఊరకుండేవాడు.

చేరిన దినమే రెండు గిన్నెలు చూపించినాడు.
పాల గిన్నెకు పచ్చ దారం, కూర గిన్నెకు ఎర్ర దారం.
గంటె గూడా కలవగూడదు.
నాకదేం కొత్త గాదు,
మా ఇంట్లో అత్త చెంబు వేరే, నా చెంబు వేరే.

కొత్త పిల్లోడు చేరితే
పలక మీద అక్షరం రాసి తేనె పూస్తారు.
వాడు నాకల్ల. చదువు తీపని తెలియాలంట.
తేనె దొరకని ఏడు బెల్లం పాకం పోసిచ్చినా.
గదియేలు నాలుక చాపేలోపల చీమలొచ్చినాయి.
"నీకంటే ముందు అవే చదువుకున్నాయి గదరా" అంటే
ఏడ్చినాడు. మళ్ళా పోసినాము.

మొదటక్షరం ఆలెఫ్. కుడి నుంచి ఎడమకు,
మా అలీఫ్ మాదిరే.
మాది నిలబడుకోనుంటాది, వీళ్ళది నడుస్తాన్నట్టుంటాది.
"దానికి సొంత శబ్దం లేదంటివి, మరి దేనికి సారూ?"
సిప్పోరా అడిగింది.
"నోరు తెరవడానికి."

శుక్రవారం పొద్దు గుంకేలోపల
రెండు గోధుమ రొట్టెలు, పైన తెల్లగుడ్డ.
మా జొన్నలు ఆ పూటకు పనికిరావంట.
ఎండుద్రాక్ష నానేసి పిండిన నీళ్ళు.
రాహేలమ్మ దీపాలు ముట్టించి
అరచేతుల్తో కండ్లు మూసుకుంటాది.
అంతే. ఆ మీదట రేపు చుక్కలు పొడిచేదాకా
అగ్గి ముట్టరు, స్విచ్చి ముట్టరు.

ఆదోని ఎండ సంగతి చెప్పల్లా?
రేకుల కప్పు. చొక్కాలు ఈపులకతుక్కోని
పిల్లోళ్ళు ఊగుతా చదువుతాంటే
నా పానం ఒప్పలే. "ఫ్యాను ఏద్దునా సారూ?"

"మేము అడగగూడదమ్మా.
నువ్వు మా కోసం ఏయనూగూడదు."
పేజీ తిప్పి, కాసేపుండి,
"నీకు ఉక్కబోసి నీ కోసం ఏసుకుంటే,
ఆ గాలి మాకు తగిలితే, అది తప్పుగాదు."

ఇంత తిరకాసు మాట నేను యాడా వినలే.
స్విచ్చి కాడ నిలబడుకున్నా. చెయ్యి లేయలే.
నా కోసమని ఫ్యాను ఏసుకున్న దినం
పెండ్లైనంక ఒకటన్నా ఉందా అని
లెక్క బెట్టుకుంటాండా.
బిడ్డ నిద్దరబోతే ఏసినా. ఆయన అన్నానికి కూచుంటే ఏసినా.
మామను చాప మీద పండబెట్టినప్పుడు
పీనుగకు గూడా ఏసినా.

"ఉక్కబోస్తాంది" అన్నా, గట్టిగా, గోడతో.
అబద్ధం గూడా గాదు.

ఏసి పొయ్యింట్లోకి పోబోతే
సిప్పోరా కొంగు పట్టుకున్నది.
"నువ్వు పోతే మా కోసం ఏసినట్టయితాది. కూచో."

కూచున్నా.
చేతులు యాడ బెట్టుకోవల్లో తెలీలే.

అట్ల ఎన్ని శనివారాలో.
ఒకనాడు సారు చెబుతాన్నాడు,
ఎడారిలో ఆకలైతే
ఆకాశం నుంచి తెల్లగా తిండి రాలిందని.
"దూది మాదిరా?" నోరు జారినా.
సారు పుస్తకంలో ఏలు పెట్టి ఎతికినాడు.
"ధనియాలంతంట కాశింబీ."
అంత పెద్ద పుస్తకంలో
నా పోపుడబ్బాలోది ఒకటుండాది!

మొన్న శనివారం కరెంటు పోయింది.
నేను తాటాకు ఇసనకర్ర తీసి
నా మొగానికే ఇసురుకుంటాండా,
నాకే, నా ఉక్కకే.
సారు పుస్తకం నుంచి తలెత్తలే.
గదియేలు జానెడు జరిగినాడు.
ఆనక సిప్పోరా.
ఆనక చాప మొత్తం.